మొదటి సింథసైజర్ ఏది కొనాలి? రాజాం తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజాంలో ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయిస్తావు, రోలండ్ ఎస్పీడీ-20 ప్యాడ్ సొంతంగా ఉంది, అవసరమైతే పక్కవాళ్ళ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డు మీద కూడా చెయ్యి వేస్తావు. దాచుకున్న డబ్బు నలభై వేలు ఉంది. యూట్యూబ్‌లో గోడంత మాడ్యులర్ పెట్టెల (ముక్కలు ముక్కలుగా వైర్లతో కలుపుకునే సింథసైజర్ల) ముందు కూర్చుని వైర్లు గుచ్చుతున్నవాళ్ళని చూసి నిద్ర పట్టడం లేదు. మొదటి హార్డ్‌వేర్ సింథసైజర్, అంటే ధ్వనిని కరెంటుతో తనే పుట్టించే పెట్టె, ఏది కొనాలి, ఒక్కటి కొనాలా, రెండు మూడు చిన్నవి కలిపి కొనాలా అని అడిగావు. ఒక్కటే కొను. చిన్నదే కొను. దాన్ని ఏడాదిపాటు అరగదీసేదాకా రెండోదాని వైపు చూడకు. ఎందుకో కింద రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాది విజయనగరం. కీబోర్డుల రిపేరు నాకు సైడు పని, సింథ్‌ల పిచ్చి మాత్రం ఫుల్ టైమే. ఒక దశలో ఇంట్లో తొమ్మిది పెట్టెలుండేవి, వాటికి తొమ్మిది అడాప్టర్లు, పట్టెమంచం కింద వైర్ల మూట. మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఏట్రా ఆ గీగీ సప్పుడు, పాటేదైనా వాయించొచ్చు కదా" అనేది. ఆవిడ మాట నిజమే. తొమ్మిది పెట్టెలున్న రోజుల్లో నేను ఒక్క పాటా పూర్తి చెయ్యలేదు. ఇప్పుడు మూడున్నాయి.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకో. నీకు కావలసింది పెళ్ళిళ్ళలో, జాతరల్లో వాయించడానికి కొత్త టోన్లా? అయితే సింథ్ కొనకు. ఎక్స్‌పీఎస్-10లో షెహనాయి నొక్కితే షెహనాయి వస్తుంది, ఎందుకంటే ఎవరో ఎక్కడో రికార్డు చేసిన ధ్వని లోపల చిప్‌లో ఉంది. నేను చెప్పే సింథ్‌లో షెహనాయి లేదు, తబలా లేదు, వెనక రిథమ్ లేదు, కొన్నిటిలో అయితే ఒకేసారి రెండు స్వరాలు కూడా పలకవు. స్టేజీ మీద సింగర్ నీ వైపు తిరిగి స్ట్రింగ్స్ ఎక్కడ అని చూస్తే నువ్వు ఆకాశం వైపు చూడాలి. అలా కాదు, ధ్వని ఎలా పుడుతుందో చేత్తో తిప్పి తెలుసుకోవాలని ఉంది అంటే, అప్పుడు రా.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆసిలేటర్ అనేది ఒక ముతక ధ్వని పుట్టిస్తుంది. రంపపు పళ్ళలా ఉండే సా వేవ్‌లో మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా అన్ని హార్మోనిక్‌లూ ఉంటాయి. స్క్వేర్ వేవ్‌లో బేసివే ఉంటాయి, అందుకే అది కొంచెం బోలుగా, వెదురు గొట్టంలోంచి వచ్చినట్టు పలుకుతుంది. ఫిల్టర్ అంటే జల్లెడ. పైనున్న గరుకునంతా ఆపి కిందిదాన్ని పోనిస్తుంది. ఆ కటాఫ్ నాబ్ నెమ్మదిగా తిప్పినప్పుడు వచ్చే "వా...వ్" శబ్దమే సగం ప్రపంచాన్ని ఈ పిచ్చిలో పడేసింది. ఇక ఎన్వలప్, అంటే ధ్వని ఎలా మొదలై ఎలా చస్తుందన్నది. గుడి గంటకి మొదలు వెంటనే, చావు చాలా నెమ్మది. సన్నాయి ఊదినంతసేపూ నిలుస్తుంది, ఊపిరి ఆపితే ఆగుతుంది. డప్పు పుట్టీ పుట్టకముందే పోతుంది. అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు నాబ్‌లు చేసేది ఇంతే.

జముకు అనే తీగ వాయిద్యంతో చెప్పే మన జముకుల కథ చూశావా ఎప్పుడైనా? జముకు వాయించేవాడికి మీటే చెయ్యి ఒకటి, తీగను బిగించి వదిలే చెయ్యి ఒకటి. తీగ బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే జారుతుంది. సింథ్ భాషలో దాన్ని పిచ్ మాడ్యులేషన్ అంటారు. 1980లో వచ్చిన రోలండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో కిక్ డ్రమ్ "దుమ్‌మ్" అని దిగబడుతుంది చూడు, దాన్ని నీ సింథ్‌లో చెయ్యాలంటే ఎన్వలప్‌ని పిచ్‌కి కలిపి, స్వరం పైన మొదలై చటుక్కున కిందికి జారేలా పెట్టాలి. నేను దాన్ని పుస్తకంలో చదివి అర్థం చేసుకోలేదు. గజపతినగరం దగ్గర ఒక ఊళ్ళో జముకు వాయించే ముసలాయన చెయ్యి చూస్తూ కూర్చున్నప్పుడు తట్టింది.

సరే, కొనేముందు ఒక నెల పైసా ఖర్చు పెట్టకు. నీకు ల్యాప్‌టాప్ ఉందన్నావు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్, డెక్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఆ గోడంత మాడ్యులర్ కూడా వీసీవీ ర్యాక్ అనే పేరుతో ఉచితంగానే ఉంది, వైర్లన్నీ మౌస్‌తో గుచ్చుకో, మోజు తీరిపోతుంది. ఫోన్ మీద చెయ్యకు. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో నొక్కిన తర్వాత కాసేపటికి పలుకుతుంది, ప్యాడ్స్ వాయించే చేతికి ఆ ఆలస్యం పిచ్చెక్కిస్తుంది. నెలయ్యాక కూడా ఆ నాబ్‌లు మౌస్‌తో కాక వేళ్ళతో తిప్పాలనిపిస్తే కొను. అనిపించకపోతే నలభై వేలు మిగిలినట్టే, నన్ను తలుచుకో.

ఏది కొనాలంటే, నా ఓటు కోర్గ్ మోనోలాగ్‌కి. ఒకేసారి ఒకే స్వరం, ఇరవై ఐదు చిన్న కీలు, రెండు ఆసిలేటర్లు, పదహారు స్టెప్‌ల సీక్వెన్సర్ (పెట్టిన స్వరాలని వరసగా తనే తిప్పి తిప్పి వాయించేది). ముఖ్యమైనవన్నీ పైనే నాబ్‌లుగా ఉంటాయి, మెనూల్లోకి దిగే పని తక్కువ. చిన్న తెర మీద నువ్వు చేస్తున్న వేవ్ ఆకారం కనబడుతుంది, నేర్చుకునేవాడికి అంతకంటే మాస్టారు ఉండడు. ఒకే స్వరమా అని పెదవి విరవకు. వేణువుకీ ఒకటే, సన్నాయికీ ఒకటే. కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు) లేకుండా ఉండలేనంటే కోర్గ్ వాళ్ళదే వోల్కా కీస్ చూడు, మూడు స్వరాలు పలుకుతుంది, కానీ కీలు తాకుడు పట్టీ మీద ఉంటాయి, పలక మీద వాయించినట్టుంటుంది. రోలండ్ ఎస్-1కి నాలుగు స్వరాలు, లోపలే చార్జింగ్ బ్యాటరీ, కానీ బొత్తాలు నా వేళ్ళకి చీమ తలకాయల్లా ఉన్నాయి. ఆర్టూరియా మైక్రోఫ్రీక్‌లో రకరకాల ఆసిలేటర్లున్నాయి, మంచి యంత్రమే. అయితే మొదటిదానిలో అన్ని రకాలుంటే అన్నీ కెలుకుతూ ఒక్కటీ నేర్చుకోలేమని నా అనుభవం. కొత్తది దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ తీసుకో, కానీ వీడియో కాల్‌లో ప్రతి నాబ్ తిప్పించి చూడు. తిప్పినప్పుడు కరకరమంటే లోపల దుమ్మో తుప్పో ఉన్నట్టు.

మోనోలాగ్ అని పట్టుబట్టడానికి ఇంకో కారణం నీ ఎస్పీడీ-20. దాని వెనక ఐదు పిన్నుల మిడి (వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) అవుట్ ఉంటుంది, మోనోలాగ్ వెనక మిడి ఇన్ ఉంటుంది. మధ్యలో ఒక్క కేబుల్ వేస్తే నీ ఎనిమిది ప్యాడ్‌లు ఎనిమిది స్వరాలవుతాయి. ఒక్కో ప్యాడ్‌కి ఏ నోటు నంబరు పంపాలో ప్యాడ్‌లోనే పెట్టుకోవచ్చు, స్వరం ఎంతసేపు నిలవాలో కూడా. మోహనంలో స రి గ ప ద, పైన మూడు ప్యాడ్‌లకి పై స్థాయి స రి గ. ఇక కీబోర్డు రాదన్న బెంగ లేదు, కర్రలతో రాగం కొట్టు. ఈ మిడి అనేది 1983 నాటిది, అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలండ్ పెట్టిన ఇకుతారో కకెహాషి, పోటీ కంపెనీల వాళ్ళై ఉండి కూడా కలిసి తెచ్చారు. సెకనుకి 31,250 బిట్లు, పదహారు ఛానళ్ళు, అంతే. నలభై ఏళ్ళు దాటినా నీ పాత ప్యాడ్ కొత్త సింథ్‌తో మాట్లాడగలుగుతోందంటే అది వాళ్ళ చలవే.

సీక్వెన్సర్‌లో పదహారు గళ్ళు చూసి అంతా నాలుగు నాలుగుగానే ఆలోచించకు. గళ్ళని ఆపేసే సదుపాయం ఉంటుంది, యాక్టివ్ స్టెప్ అంటారు. పద్నాలుగు ఉంచితే మిశ్ర చాపు తాళం, పది ఉంచితే ఖండ చాపు, పన్నెండు ఉంచితే రూపకం. ఖండ చాపులో ఒక బాస్ లైను తిరుగుతూ ఉంటే దాని మీద ప్యాడ్స్ వాయించి చూడు. యూట్యూబ్‌లో వైర్లు గుచ్చేవాళ్ళ దగ్గర అది దొరకదు.

గమకం సంగతి మాత్రం కష్టమే, అబద్ధం చెప్పను. మా ఊళ్ళో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. అలాంటి ఊళ్ళో కీబోర్డు మీద రాగం వాయిస్తున్నానంటే జనం నవ్వుతారు, నవ్వాలి కూడా. మెట్లున్న వాయిద్యంలో గమకం రాదని కాదు, బొబ్బిలి వీణకీ ఇరవై నాలుగు మెట్లున్నాయి, కానీ అక్కడ తీగని పక్కకి లాగుతారు. సింథ్‌లో ఆ పని పిచ్ బెండ్‌తో (పలుకుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచేది), గ్లైడ్‌తో చెయ్యాలి. గ్లైడ్ అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం. దాన్ని మరీ ఎక్కువ పెడితే తాగినవాడి పాటలా ఉంటుంది, కొద్దిగా పెట్టు. బెండ్ ఎంత దూరం పోవాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, రెండు అరస్వరాలతో మొదలుపెట్టు, చెయ్యి కుదిరాక పెంచు.

శృతి ఇంకో సంగతి. కీబోర్డులన్నీ స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. అందులో అంతర గాంధారం, షడ్జం నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు). తంబురాలో సహజంగా వినబడే గాంధారం 5/4 నిష్పత్తి, అంటే సుమారు 386. పద్నాలుగు సెంట్ల తేడా. శృతి పెట్టె పెట్టుకుని గాంధారం నొక్కి పట్టు, రెండూ ఒకదాన్నొకటి గీరుకున్నట్టు చిన్న కొట్టుకోలు వినబడుతుంది. మోనోలాగ్‌లో స్వరస్థానాలని నువ్వే జరుపుకునే మైక్రో ట్యూనింగ్ ఉంది, ఆఫెక్స్ ట్విన్ అనే పేరుతో తెలిసిన సంగీతకారుడు ఆ యంత్రం తయారీలో సాయపడ్డాడు. మన వాళ్ళ కోసం చెయ్యలేదు గానీ మనకే ఎక్కువ పనికొస్తుంది. తంబురా కావాలంటే కూడా ఇందులోనే, రెండు ఆసిలేటర్లని ఒకే స్వరం మీద పెట్టి ఒకదాన్ని వెంట్రుకవాసి జరుపు. ఒకటి 220, ఇంకోటి 221 హెర్ట్జ్ అయితే సెకనుకి ఒకసారి అల వస్తుంది. కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంటే గంట తెలీదు.

రాగాలకీ ఈ యంత్రాలకీ పొత్తు కొత్తదనుకోకు. 1969లోనే అహ్మదాబాద్ ఎన్ఐడీ అనే డిజైన్ విద్యాసంస్థలో మూగ్ కంపెనీ మాడ్యులర్ సింథ్ ఒకటి దిగింది, అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి స్టూడియో అమర్చాడు. 1982లో ముంబయి సినిమా వాయిద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బాస్ యంత్రం, టీఆర్-808 మీద పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ 303ని ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టులకి తోడుగా బాస్ వాయించేదిగా అమ్మారు, అమ్ముడుపోక 1984కల్లా ఆపేశారు. తర్వాత షికాగోలో కుర్రాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొని దాంతో కొత్త రకం డ్యాన్స్ సంగీతమే పుట్టించారు. 2010లో మన చరణ్‌జిత్ రికార్డు మళ్ళీ వచ్చాక అందరూ ముక్కున వేలేసుకున్నారు, షికాగో కంటే ముందే ముంబయిలో ఇలాంటి ధ్వని పుట్టిందా అని. 303లో స్లయిడ్ అనే సదుపాయం ఉంటుంది, స్వరం నుంచి స్వరానికి జారుతుంది, రాగానికి అది అతకడంలో ఆశ్చర్యం లేదు. అది నచ్చితే తర్వాత ఎప్పుడో బెహ్రింజర్ టీడీ-3 చూడు, దాని నకలే. ఇప్పుడు కాదు.

నలభై వేలూ సింథ్ మీద పెట్టకు. మంచి హెడ్‌ఫోన్స్, చిన్న సౌండ్ కార్డు, మిడి కేబుల్, రెండు పీ-38 (పెద్ద పిన్ను) వైర్లు, వీటికి పదో పన్నెండో వేలు పక్కన పెట్టు. సింథ్ అవుట్‌పుట్‌ని తిన్నగా ఇంట్లో హోమ్ థియేటర్‌కి పెట్టి బాస్ ధ్వని బాగాలేదని ఏడ్చినవాళ్ళని చూశాను.

ఇక కరెంటు. అన్నిటికంటే ఎక్కువ మంది ఇక్కడే పాడు చేసుకుంటారు, నేనూ చేసుకున్నాను. జపాన్ నుంచి ఒక పాత సింథ్ తెప్పించుకున్నాను ఒకప్పుడు, కస్టమ్స్ కట్టి మరీ. జపాన్‌లో ఇళ్ళకి వచ్చేది 100 వోల్టులు, మనకి 230. వెనక అక్షరాలు చదివే ఓపిక లేక ప్లగ్గు పెట్టేశాను. చిన్న "టప్", తర్వాత కాలిన వార్నీష్ వాసన, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. రిపేరు చేసుకునేవాడిని కాబట్టి బతికించుకున్నాను, కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. అడాప్టర్ల విషయంలోనూ చూసుకో. కోర్గ్ చిన్న సింథ్‌లకి 9 వోల్టులు, ప్లగ్గు మధ్య పిన్ను ప్లస్. గిటార్ పెడళ్ళకి కూడా 9 వోల్టులే, కానీ మధ్య పిన్ను మైనస్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, మీ గిటారిస్టు అడాప్టర్ తీసి గుచ్చావంటే అంతే సంగతులు. పందిట్లో జనరేటర్ మీద అయితే ఎర్త్ ఉందో లేదో టెస్టర్‌తో చూడకుండా ఏదీ పెట్టకు, లైట్ల వాళ్ళు ఒక్కసారిగా లోడు తీసేస్తే వోల్టేజీ పైకి తంతుంది.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపినప్పుడు స్పీకర్లలో కీచుమని సన్నటి రొద వస్తే సింథ్ పాడైందని కంగారు పడకు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు, పోయిందంటే గ్రౌండ్ లూప్. యూఎస్‌బీ వైరు రెండు యంత్రాల గ్రౌండ్‌ని కలిపేస్తుంది. ఐదు పిన్నుల మిడిలో ఆ గొడవ లేదు, మధ్యలో ఆప్టోకప్లర్ ఉంటుంది, సమాచారం కాంతి రూపంలో దాటుతుంది, కరెంటు దాటదు. నలభై ఏళ్ళ కిందటి బుర్ర చూడు.

ఇంకో రెండు మాటలు. మన సముద్రపు గాలికి జాక్‌లు, నాబ్‌లు తుప్పు పడతాయి, వాయించనప్పుడు గుడ్డ కప్పి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టు. నాబ్ కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టు, తలుపు బందులకి కొట్టే స్ప్రే కాదు. రిపేరుకొచ్చిన కీబోర్డుల్లో సగంవాటిలో నాకు కనబడే శత్రువు బల్లి. అనలాగ్ ఆసిలేటర్ వేడికి శృతి తప్పుతుంది కాబట్టి ఏసీ గదిలోంచి ఎండ పందిట్లోకి తెచ్చినప్పుడు పావుగంట ఆన్‌లో ఉంచి అప్పుడు శృతి చూసుకో. ఇప్పటివి చాలావరకు వాటంతటవే సరిచూసుకుంటాయి, అయినా చెవిని మించింది లేదు.

ఒక్కటే కొనమని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పనే లేదు. మా అత్తవారిది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. జీడితోటలు, కొబ్బరి చెట్లు నేలమట్టమయ్యాయి, వారం దాటినా కరెంటు లేదు, ఫోన్ పని చెయ్యదు. పగలంతా దారి మీద పడ్డ చెట్లు నరికేవాళ్ళం, మంచినీళ్ళకి తిరిగేవాళ్ళం. రాత్రి చీకట్లో చెయ్యడానికేం లేదు. బ్యాగులో ఒక చిన్న సింథ్ ఉంది, ఆరు పెన్సిల్ సెల్స్ మీద నడిచేది, స్పీకరు దానికే ఉంది. నాలుగేళ్ళుగా నా దగ్గర ఉన్న పెట్టే అది, బొమ్మలా ఉందని పక్కన పడేసింది. చీకట్లో నాబ్‌లు కనబడవు, తడుముకుని తిప్పాలి. మూడో రాత్రికి ఏ నాబ్ ఎక్కడుందో వేళ్ళకి తెలిసింది. ఐదో రాత్రి మా బావమరిది కూతురు, ఏడేళ్ళ పిల్ల, "మావయ్యా, కప్పలా అరిపించు" అంది. అరిపించాను. "ఇప్పుడు వాన ఆగిపోయినట్టు చెయ్యి" అంది. దానికి గంట పట్టింది, నాయిస్ పెట్టి, ఫిల్టర్ మెల్లగా మూస్తూ, చివర్లో రెండు చుక్కలు. నాలుగేళ్ళలో రాని పని ఆ వారంలో వచ్చింది. ఇంటికి వచ్చాక పెట్టెలు అమ్మడం మొదలుపెట్టాను.

కొనేముందు చేత్తో తిప్పి చూడాలంటే విజయనగరం రా, నా మోనోలాగ్ నీ ముందు పెడతాను, నీ ఎస్పీడీ-20 తెచ్చుకో, కేబుల్ నా దగ్గర ఉంది. హెడ్‌ఫోన్స్ తెస్తే పెద్ద పిన్ను కన్వర్టర్ కూడా తీసుకురా, నాది పోయింది. గంటస్తంభం దాకా వచ్చి మెసేజ్ పెట్టు, వచ్చి తీసుకెళ్తాను. సిరిమానోత్సవం రోజు మాత్రం రాకు తమ్ముడూ, ఆ జనంలో ప్యాడ్ బ్యాగుతో ఒక్క అడుగు ముందుకి వెయ్యలేవు.